చెరువు చేప వాసన

“…నేనడిగేది అది కాదే, ఎండు నెత్తళ్ళమ్మే బుట్టకి ఈ బురద కంపు ఎక్కడిదని!”

“వాన పడింది గదత్తా. రైల్లో కాలు పెడితే బురదే.”

“రైలు బురద నాకు తెలవదటే? నువ్వు పుట్టకముందు నుంచీ ఎక్కా ఆ రైలు. ఇది చెరువు బురద. మరి ఇదేంటి, ఇది?”

సత్యవతమ్మ బుట్ట అల్లిక సందులో గోరు దూర్చి ఒక పొలుసు పైకి లాగింది. రూపాయి బిళ్ళంత పొలుసు, ఎండి వంకర తిరిగింది. దాన్ని తెచ్చి కోడలి ముక్కు ముందు పెట్టింది.

“గుడివాడలో నెత్తళ్ళకి ఇంతింత పొలుసులు మొలుస్తన్నయ్యా?”

“పక్కనెవరో బొచ్చె చేపలు పెట్టుకుని కూర్చున్నారు.”

“వాళ్ళు పక్కన కూర్చుంటే నీ బుట్ట అడుక్కొచ్చిందా? నాకు కళ్ళు మందగించినయ్యేమో గాని ముక్కు మందగించలేదే తల్లీ.”

కనకదుర్గ బుట్ట లాక్కుని బోరింగు దగ్గరికి నడిచింది. పొద్దున గుడివాడలోనే చింతపండు వేసి తోమింది దాన్ని. అయినా పాలెంలో పుట్టిన ముక్కుకి ఏదీ దాగదు. సముద్రం చేప కుళ్ళినా ఉప్పు వాసన వదలదు, చెరువు చేప బతికున్నా బురద వాసన వదలదు. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఇంకో బుట్ట కొంటే రెండో బుట్ట ఎందుకని అడుగుతారని భయపడి, పాత బుట్టలోనే చెరువు చేప మోసింది. ఆ భయమే ఇప్పుడు ఆమెను పట్టిచ్చింది. బోటు మధ్యాహ్నానికి ఒడ్డుకొస్తుంది. బోటు మీద అంకమ్మరావు ఉన్నాడు.

బందరుకు ఆ చివర ఉప్పుటేటి పక్కనుంది పాలెం. మగవాళ్ళు సముద్రం మీదకి పోతే ఆడవాళ్ళు చేప ఎండబెట్టి, బుట్టలకెత్తుకుని, గుడివాడ పాసింజరు ఎక్కుతారు. కనకదుర్గ కాపురానికొచ్చిన నాటినుంచీ అదే పని. దివిసీమలో ఆమె పుట్టిల్లు చిన్నప్పుడే ఉప్పెనలో పోయింది. నాగాయలంకలో పిన్ని పెంచి ఈ ఇంటికిచ్చింది. మొగుడు అంకమ్మరావు యలమంద బోటు మీద కళాసీ. పని వచ్చినవాడే. ఒడ్డున నలుగురిలో నవ్వుతూ తిరిగేవాడే. ఇంట్లో మాత్రం వల నిండినా దెబ్బలే, వల చిరిగినా దెబ్బలే. నిండితే తాగి కొట్టేవాడు, చిరిగితే తాగకుండా కొట్టేవాడు. తాగనప్పటి దెబ్బలు గురి తప్పేవి కావు.

చేపలు కోసే ఆడదాని చేతుల మీద గాట్లుంటే ఎందుకని ఎవరూ అడగరు. ఆమె చేతులనిండా గాట్లే. ఏది కత్తిపీట గాటో, ఏది మొగుడి గాటో ఆమెకే గుర్తు. ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ “చేప కోస్తుంటే తెగిందండీ” అనేది. కుట్లు వేసేవాళ్ళు నమ్మేవాళ్ళు, నమ్మకపోయే పనేముంది?

అట్లాగే గడిచిపోయేదేమో. కానీ ఆ యేడు ఎండాకాలం, వేట ఆగిపోయి మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరున్న రోజుల్లో, కూతురు రోజా తండ్రికీ తల్లికీ మధ్య అడ్డంగా నిలబడింది. అంకమ్మరావు పిల్ల జుట్టు పట్టి వసారా గుంజకేసి కొట్టాడు. చెవిలోంచి రక్తం కారి పరికిణీ మీద పడింది. ఇప్పుడు ఆ పిల్లను ఎడమవైపు నుంచి పిలిస్తే పలకదు.

పాలెంలో మొగుడూ పెళ్ళాం విడిపోవడానికి కోర్టు అక్కర్లేదు. పెద్దలు కూర్చుంటే ఒక్క పూటలో తెగిపోతుంది. ఆడది మారుమనువు చేసుకున్నా ఎవరూ వేలెత్తి చూపరు. బిడ్డ మాత్రం తండ్రి గడపలో ఉండాలి. అది పాలెం మాట. ఆ మాట కాదని కోర్టుకెక్కిన మనిషికి ఆ రేవులో ఏ బోటూ చేప పొయ్యదు. కనకదుర్గకు మొగుణ్ణి వదిలించుకోవడం పెద్ద పని కాదు. రోజాను ఆ గుంజ దగ్గర వదిలి రాకుండా ఉండటమే పని.

గుడివాడలో సుభాషిణి లాయరు. నెత్తళ్ళూ రొయ్యపొట్టూ కనకదుర్గ దగ్గరే కొనేది. ఒకరోజు బుట్ట దింపుతుంటే వాచిన దవడ చూసి అడిగింది.

“ఏమైంది?”

“పడ్డానండీ.”

“ఎవరి చేతిమీద?”

కనకదుర్గకు నవ్వొచ్చింది. దవడ నొప్పికి నవ్వు మధ్యలోనే ఆగి, ఏడుపైంది. అంతా విన్నాక సుభాషిణి రొయ్యపొట్టు సంచీ ముడి వేస్తూ చెప్పింది:

“విడాకుల కాగితం నేను పావుగంటలో రాస్తాను. అది చివరి పని. పిల్ల ఎక్కడుంటుంది, నువ్వెక్కడుంటావు, రేపు ఏం అమ్ముకుని తింటావు, ముందు అవి చూసుకో. అవి తేలకుండా వేశామనుకో, నోటీసు అందిన రోజే నిన్ను చంపుతాడు. గెలిచిన కేసు పట్టుకుని నేనేం చేసుకోను?”

అప్పట్నుంచీ కనకదుర్గ ఆ పనుల మీదే ఉంది. బడులు తెరవగానే రోజాను ఆరో తరగతికని అవనిగడ్డ హాస్టల్లో చేర్చింది. ఒక తిండి తగ్గుతుందని అంకమ్మరావు కాదనలేదు. గుడివాడ స్టేషను వెనక ఇడ్లీలు వేసే రమణమ్మ ఇంట్లో వెనక వసారా మాట్లాడుకుంది. వెళ్ళిన ప్రతిసారీ నెత్తళ్ళ కింద ప్లాస్టిక్ సంచిలో ఏదో ఒకటి దాచి మోసుకుపోయేది. ఒకసారి చీర, ఒకసారి రోజా చిన్నప్పటి గౌను, ఒకసారి చట్రం విప్పేసిన పెళ్ళి ఫోటో. ఇంట్లో గోడమీద ఫోటో చోటు ఖాళీగా కనపడకుండా కేలండరు తగిలించింది. రమణమ్మ ఆ చీరలు ముక్కు మూసుకుని ఆరేసేది. “కోర్టుకి ఈ చీర కట్టుకుపోతే జడ్జిగారు అన్నం మధ్యలో లేచొచ్చాననుకుంటాడమ్మాయ్” అనేది.

మిగిలింది తిండి దారి. రేపు రేవులో చేప పుట్టదు గనక చెరువు చేప అలవాటు చేసుకోవాలి. పెదపారుపూడి వైపు చెరువులు లీజుకు చేసే ధనరాజు దగ్గర కాసిని బొచ్చెలు తీసుకుని గుడివాడ సందుల్లో తిప్పడం మొదలుపెట్టింది. చచ్చిన చేప కంట్లోకి చూసి ధర కట్టడం వచ్చిన మనిషికి, గిలగిల్లాడే చేపను కొనేవాళ్ళ కళ్ళముందే తలమీద కొట్టి చంపడం కొత్త. మొదటిరోజు కర్ర ఎత్తింది గాని చెయ్యి దిగలేదు. చేప ఎగిరి కాలవలో పడింది.

“అదేంటమ్మా, కొట్టడం రాదా నీకు?” అని ధనరాజు నవ్వాడు.

“తినడమే వచ్చండీ,” అంది.

తర్వాత తర్వాత వచ్చింది. కళ్ళ వెనక ఎక్కడ కొడితే ఒక్క దెబ్బకు పోతుందో తెలిసింది. ఇంకొక్క వారం గడిస్తే అన్నీ అమరేవి. ఆ వారమే దొరకలేదు.

మధ్యాహ్నం అంకమ్మరావు భుజాన తడి మోకుతో వచ్చి వసారాలో కూర్చున్నాడు. సత్యవతమ్మ కంచం పెట్టి, కొడుకు రెండు ముద్దలు తినేదాకా ఆగి, అంది:

“నీ పెళ్ళాం చెరువు చేప ముట్టుకుంటందిరా.”

అంకమ్మరావు ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

“చెరువు చేపా? ఎవడి చెరువు?”

కనకదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. “కొన్నాను, అమ్మాను. నాలుగు డబ్బులొస్తాయని,” అంది.

“నేను తెచ్చిన చేప చాల్లేదా నీకు? ఎవడాడు?”

“చేపలమ్మేవాడు.”

కంచం వచ్చి ఆమె నుదుటికి తగిలింది. చారు కళ్ళలో పడి ఆమె తుడుచుకునేలోగా మోకు వీపుమీద పడింది. తడి మోకు దెబ్బకు చప్పుడుండదు, చర్మం ఊడొస్తుంది. ఆమె అలవాటు ప్రకారం ఒళ్ళు వదిలేసి నేలమీద ముడుచుకుంది. బిగబట్టుకుంటే ఎముక విరుగుతుందని ఆమెకు తెలుసు. అతను బుట్టను కాళ్ళకింద వేసి తొక్కాడు. వెదురు బద్దలు విరిగి లేచాయి. ఒక బద్ద తీసుకుని పిక్కల మీద కొట్టాడు. జుట్టు పిడికిలికి చుట్టుకుని తల పైకెత్తి, ముఖాన్ని నేలకేసి మోదాడు. పంటి ముక్క ఒకటి ఆమె నాలుక మీదికొచ్చింది.

“చాల్లేరా, పక్కింటోళ్ళు చూస్తన్నారు,” అంది సత్యవతమ్మ.

“చూడనీ! దీని యవ్వారం అందరూ చూడనీ. పిల్లదాన్ని అవనిగడ్డ తోలింది ఎందుకో ఇప్పుడర్థమైంది. అడ్డం లేకుండా తిరగటానికి! రేపు తెల్లారగట్ల బస్సెక్కి దాన్ని జుట్టు పట్టుకుని లాక్కొస్తా. గుంజకు కట్టేస్తా. నువ్వెట్టా పోతావో చూస్తా.”

అప్పటిదాకా ముద్దలా పడున్న కనకదుర్గ లేచింది. గోడ పట్టుకుని లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“నన్నేమన్నా చేసుకో. అవనిగడ్డ మాత్రం పోమాక.”

అలా నిలబడటం అతను ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత ఆమె కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని వంటింట్లోకి ఈడ్చాడు. కత్తిపీట నేలమీదే ఉంది. పీటను కాలితో తొక్కిపట్టి, “చెరువు చేప కోసింది ఈ చెయ్యేనా?” అని అరచేతిని కత్తి అంచుకి ఆనించి లాగాడు. బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి దాకా తెగింది. కత్తి ఎముక దగ్గర ఆగితే ఇంకా నొక్కాడు. ఆమె అరుపు రేవుదాకా వినపడిందని తర్వాత చెప్పుకున్నారు.

పక్కనే చేప ఊరేసే ఉప్పు తొట్టి ఉంది. ఆమె ఎడమ చెయ్యి ఒంటికింద ఇరుక్కుపోయింది. తెగిన చేతినే అతని పట్టులోంచి గుంజుకుని తొట్టిలో ముంచింది. ఉప్పు గాయంలోకి దిగి ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా పిడికిలి బిగించి, ఎర్రబడ్డ ఆ ఉప్పును అతని కళ్ళలో కొట్టింది. ఇంకో గుప్పెడు తీసి రెప్పల కిందికి పోయేటట్టు రుద్దింది. అంకమ్మరావు దున్నపోతులా అరుస్తూ గోడకు గుద్దుకుని పడ్డాడు.

“నా కొడుకు కళ్ళు తీసేసిందిరో!” అని సత్యవతమ్మ వీధిలోకి పరుగెత్తింది.

కనకదుర్గ చీర చెంగు చేతికి చుట్టుకుని ఎదర కనపడిన ఆటో ఎక్కింది. ఆసుపత్రికి పోయేముందు ఎస్టీడీ బూత్ దగ్గర ఆపి, నాగాయలంకలో పిన్నికి ఫోన్ చేయించింది. పిల్లను వెంటనే హాస్టల్ నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకొమ్మంది. మాట పూర్తయ్యేసరికి బూత్ గచ్చు మీద రక్తం మడుగు కట్టింది. బూత్ ఆయన డబ్బులు తీసుకోలేదు. “ముందు ఇక్కణ్ణుంచి పోమ్మా,” అన్నాడు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు చెయ్యి తిప్పి చూసి, “చేప కోస్తుంటేనా?” అన్నాడు.

“కాదండీ. నా మొగుడు కోశాడు.”

డాక్టరు తలెత్తాడు. వీపు చూపించమన్నాడు. చూసి, కాగితం మీద చాలాసేపు రాశాడు. కానిస్టేబులు వచ్చి మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పింది.

అంకమ్మరావు కళ్ళు రెండు రోజులు తెరుచుకోలేదు. మూడోనాడు గుడివాడలో రమణమ్మ ఇంట్లో ఉన్న కనకదుర్గకు పాలెం నుంచి కబురొచ్చింది. పెద్దలు కూర్చుంటున్నారు, రావాలి.

“వెళ్ళకు,” అంది సుభాషిణి.

“వెళ్ళకపోతే వ్యాను మాట్లాడుకుని పెద్దలే నాగాయలంక పోతారండీ. కులం బిడ్డ అంటారు. మా పిన్ని ఆపలేదు.”

“సోమవారం కోర్టులో వేసి, పిల్ల నీ దగ్గరే ఉండాలని ఆర్డరు అడుగుతాను. అప్పటిదాకా అక్కడ దేనికీ ఒప్పుకోకు. వాళ్ళేం చేసినా సరే, నువ్వు చెయ్యి మాత్రం ఎత్తకు.”

వలలు కుట్టే షెడ్డు కింద పెద్దలు కూర్చున్నారు. మధ్యలో యలమంద. అంకమ్మరావు పనిచేసే బోటు ఆయనదే, పాలెంలో మాటా ఆయనదే. చుట్టూ ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో నిలబడ్డారు. అంకమ్మరావు కళ్ళు నిప్పుకణాల్లా ఉన్నాయి.

“ఏమ్మా, ఆసుపత్రిలో మొగుడి పేరు చెప్పొచ్చావంట?” అన్నాడు యలమంద.

“జరిగింది చెప్పా మావా.”

“ఇన్నేళ్ళూ పడ్డానని చెప్పావు గదా. ఇప్పుడేమొచ్చింది? పోలీసులు రేవులోకొస్తే పరువు ఒక్కడిదా పోయేది?”

ఆమె జవాబు చెప్పేలోగా అంకమ్మరావు పరుగున వచ్చి పొట్టలో తన్నాడు. ఆమె వెనక్కి పడి, పడుతూ కట్టు కట్టిన చేతిమీద పడింది. కుట్లు తెగి కట్టంతా ఎర్రబడింది. రెండో తన్ను పక్కటెముకల మీద పడింది. అప్పుడు గాని పట్టుకోలేదు అతణ్ణి.

యలమంద లేచి నిలబడ్డాడు. ముఖం నల్లబడింది.

“నేను కూర్చున్నచోట కాలెత్తుతావురా? నా ముందు? కట్టండిరా నా కొడుకుని!”

ఇద్దరు కళాసీలు అంకమ్మరావును షెడ్డు గుంజకు రెక్కలు విరిచి కట్టారు. యలమంద తనే రెండు చెంపలూ వాయించాడు. పెదవి చిట్లి గడ్డం మీదుగా కారింది. తర్వాత బారెడు మోకు ముక్క తెప్పించి, నీళ్ళలో ముంచి, కనకదుర్గ ఎడమ చేతిలో పెట్టాడు.

“కొట్టు. నీ కసి తీరిందాకా కొట్టు. ఎవడూ ఆపడు. తీరింతర్వాత ఆసుపత్రి మాట ఎనక్కి తీసుకో. ఉంటానంటే ఉండు, పోతానంటే ఇప్పుడే తెంపేస్తాం. పిల్లది తండ్రి గడపకి రావాలి.”

అది పాలెం తీర్పు. మగవాడు మితిమీరితే ఆడదాని చేతికి మోకిస్తారు. కొట్టాక ఇద్దరికీ చెల్లు. రెండేళ్ళ కిందట ఆమె ఒకసారి కొట్టింది కూడా. అందరూ ఈలలు వేశారు. ఆమె కూడా అయిపోయిందనుకుంది. ఆ సాయంత్రం తలుపు గడియ పెట్టి అతను ప్రతి దెబ్బా తిరిగిచ్చాడు. మళ్ళీ పెద్దల దగ్గరికి పోతే, “చెల్లయిపోయింది గదమ్మా” అన్నారు. ఆ సంగతి విని సుభాషిణి తల పట్టుకుంది. “కోర్టులో దాన్నేమంటారో తెలుసా? నువ్వు కొట్టావు, మన్నించావు, మళ్ళీ కాపురం చేశావు అంటారు.”

మోకు బరువుగా ఉంది. నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

“కొట్టవే దుర్గా!” అని అరిచింది వెనకనుంచి ఎవరో ఆడమనిషి. “మా అందరికీ కలిపి ఒకటెయ్యవే!”

నవ్వులు లేచాయి. సత్యవతమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

కనకదుర్గ గుంజ దగ్గరికి నడిచింది. కట్టి పడేసిన మనిషి అంత దగ్గరగా, అంత అనువుగా ఉండటం ఆమె ఎన్నడూ ఎరగదు. చెవి వెనక, మెడ మొదట్లో నరం కొట్టుకుంటోంది. అక్కడ ఒక్కటి చాలు. ఎడమ చెయ్యి తనంతట తనే భుజం దాకా లేచింది. ఇన్నేళ్ళ దెబ్బలూ ఆ చేతిలోకే వచ్చి కూర్చున్నట్టుంది.

అంకమ్మరావు నెత్తురు ఉమ్మి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు:

“కొట్టవే. ఎన్ని కొడతావో లెక్కెట్టుకుంటా. పిల్లదొస్తది గదా ఇంటికి.”

ఆమె చెయ్యి దించింది. వెనక్కి తిరిగొచ్చి, మోకును యలమంద ముందు ఇసుకలో పడేసింది.

“నేను కొట్టను మావా. సోమవారం బందరు కోర్టులో విడాకులకేస్తన్నా. ఆసుపత్రిలో చెప్పిందే అక్కడా చెప్తా. రోజా నాకాడే ఉంటది.”